షెడ్డులో నిలిచిపోయిన నాన్నగారి కారుకు బీమా: నా అనుభవం

2024 జూలై 11న మా నాన్నగారు కాలం చేశారు. తెనాలిలో ఇంటి పక్కనున్న రేకుల షెడ్డులో ఆయన కారు ఉండేది. 2017లో కొన్న 1,197 సీసీ పెట్రోలు కారు అది. అమ్మకు డ్రైవింగ్ రాదు, నేను హైదరాబాదులో ఉంటాను, అక్క బెంగళూరులో ఉంటుంది. కారును వెంటనే అమ్మేయడానికి అమ్మ మనసు ఒప్పుకోలేదు. సంవత్సరీకాలు అయ్యేదాకా దాన్ని ఎవరూ కదిలించవద్దని, ఆ తర్వాత మా ఇష్టమని చెప్పింది. అంటే కనీసం ఏడాదిపాటు ఆ కారు షెడ్డులోనే ఉంటుంది, మహా అయితే అదే ఊళ్లో ఉన్న మా పిన్ని కొడుకు అప్పుడప్పుడు వచ్చి స్టార్ట్ చేసి పోతాడు. రోడ్డెక్కని కారుకు బీమా కట్టాలా, కడితే ఏ రకం కట్టాలి అన్న విషయం తేల్చుకోవడానికి నాకు నవంబరు చివరి దాకా పట్టింది.

పెద్దకర్మ ముగిశాక కారు కాగితాలు వెతికాను. డ్యాష్‌బోర్డు అరలో ఒక ప్లాస్టిక్ కవరు, దానిలో ఏడేళ్ల పాలసీలు వరుసగా ఉన్నాయి. కవరు మీద నాన్నగారు ఏటేటా గడువు తేదీ, కట్టిన మొత్తం నీలం సిరాతో రాసుకున్నారు. చివరి వరుసలో 27-11-24 అని మాత్రమే ఉంది, పక్కన మొత్తం రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చోటు చూసి కాసేపు కారులోనే కూర్చుండిపోయాను.

పాలసీ మీద అచ్చయిన గడువు నవంబరు 27. అయితే పాలసీ పుస్తకంలో షరతుల చివర ఒక అంశం ఉంది, ఇలాంటి పరిస్థితిలో ఉన్నవారు మొదట చదవవలసింది అదే. పాలసీదారు చనిపోతే పాలసీ వెంటనే రద్దు కాదు, కానీ చనిపోయిన తేదీ నుంచి మూడు నెలలు లేదా పాలసీ గడువు తీరే రోజు, ఈ రెంటిలో ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. మా విషయంలో అది అక్టోబరు రెండో వారంతో సరి. ఆలోగా కారు ఎవరి చేతికి వస్తుందో ఆ వారసులు మరణ ధ్రువపత్రం, కారు తమదని చూపే ఆధారం, అసలు పాలసీ జతచేసి పేరు మార్పుకు దరఖాస్తు చేసుకోవాలి. లేకపోతే కాగితం మీద నవంబరు దాకా ఉన్నట్టు కనిపించే పాలసీ అక్టోబరు నుంచే ఉత్త కాగితం.

ఇంట్లో మొదట వినిపించిన మాట అసలు కట్టవద్దనే. కదలని కారుకు బీమా ఏమిటి, నడిపేటప్పుడు కట్టుకోవచ్చు కదా అన్నారు బంధువులు. చట్టం ప్రకారం చూస్తే ఆ మాటలో కొంత నిజం ఉంది. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ బహిరంగ స్థలంలో వాడే వాహనానికి థర్డ్ పార్టీ బీమా, అంటే దానివల్ల ఇతరులకు జరిగే నష్టానికి బీమా, ఉండాలంటుంది. లేకుండా నడిపితే 196వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, మళ్లీ దొరికితే జరిమానా 4,000. మా షెడ్డు బహిరంగ స్థలం కాదు. కానీ షెడ్డులోని కారు షెడ్డులోనే ఉంటుందా? పెద్దకర్మ రోజున వాకిట్లో షామియానా వేయడానికి చోటు చాలక, అందరం కలిసి ఆ కారును గేటు బయటికి తోసి రెండు రోజులు వీధిలో నిలబెట్టాం. దాని మీద చేయి వేసి తోస్తున్న వాళ్లలో ఒక్కరికి కూడా బీమా సంగతి గుర్తుకు రాలేదు, రావలసిన సమయమూ కాదు. రోడ్డెక్కదని ఇంటిల్లిపాదీ నమ్మిన కారు పక్షం తిరగకుండానే రోడ్డు మీద ఉంది.

రెండో సలహా మా మామయ్యది. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటారు. కంటి ఆపరేషన్ తర్వాత కారు నడపడం మానేసి, ఇంటి కింద నిలబెట్టి, అంతకు ముందు ఏడాదే పూర్తి పాలసీ మాని థర్డ్ పార్టీకి మారారు. "నిలబెట్టిన కారుకు థర్డ్ పార్టీ చాలురా, చట్టానికి చట్టం, డబ్బుకు డబ్బు" అని ఆగస్టులో ఫోనులో చెప్పారు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచింది. మామయ్య వాళ్లు పై అంతస్తులో క్షేమంగానే ఉన్నారు, కారు మాత్రం స్టీరింగ్ దాకా మునిగి, నీరు తీసేదాకా రోజుల తరబడి అలాగే ఉండిపోయింది. ఆయనకు బీమా కింద ఒక్క రూపాయి రాలేదు, రావడానికి ఆ పాలసీలో చోటే లేదు. మరమ్మతు అంచనా కారు విలువను దాటడంతో చివరికి తుక్కుకు ఇచ్చేశారు.

ఆ వారంలోనే నాకు విషయం స్పష్టమైంది. థర్డ్ పార్టీ పాలసీ మన కారు వల్ల ఇంకొకరికి జరిగే నష్టాన్ని భరిస్తుంది. నిలబెట్టిన కారు ఎవరినీ గుద్దదు. దానికి వచ్చే ముప్పులు వేరు: వరద, అగ్ని, దొంగతనం, గాలివానకు షెడ్డు రేకో పక్కింటి కొబ్బరిచెట్టో మీద పడటం. ఇవన్నీ ఓన్ డ్యామేజీ, అంటే మన కారుకే జరిగే నష్టం, కిందికి వస్తాయి. కనుక నిలబెట్టిన కారుకు థర్డ్ పార్టీ ఒక్కటే తీసుకోవడమంటే, అది చేయని పనికి బీమా కట్టి, దానికి జరగగలిగిన నష్టాన్ని వదిలేయడం. పోనీ ఓన్ డ్యామేజీ ఒక్కటే కొందామా అంటే, థర్డ్ పార్టీ అమలులో లేనిదే దాన్ని విడిగా ఇవ్వరు. కడితే రెండూ కట్టాలి.

అయితే ఏది కట్టాలన్నా ముందు కారు ఒకరి పేరు మీదికి రావాలి. అమ్మ పేరు మీద పెడదామని ముగ్గురం అనుకున్నాం. రవాణా కార్యాలయంలో పనిచేసి రిటైరైన నాన్నగారి స్నేహితుడొకరు మొదటి నెలలోనే ఒక మంచి మాట చెప్పారు: యజమాని పోయిన 30 రోజుల్లోగా ఆ సంగతి, కారును మనం ఉంచుకుంటున్నామన్న సంగతి రవాణా కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేయాలి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఆగస్టు మొదటి వారంలో ఉత్తరం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర తర్వాత రెండు చోట్ల అక్కరకొచ్చింది.

మరణ ధ్రువపత్రం మున్సిపాలిటీలో త్వరగానే వచ్చింది. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మూడు వారాలకు పైగా పట్టింది. అక్క, నేను కారు అమ్మ పేరు మీదికి మారడానికి అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించాలి, అక్క దాని కోసం సెలవు పెట్టి రావలసి వచ్చింది. ఆర్సీలో నామినీని చేర్చుకునే వీలు 2021 నుంచి ఉంది, నాన్నగారి ఆర్సీలో ఆ పేరు లేదు. ఉంటే ఈ కాగితాల్లో చాలా భాగం తప్పేవి. ఇంటికి రాగానే నా కారుకు నామినీగా మా ఆవిడ పేరు పెట్టాను.

ఎవరూ ముందుగా చెప్పని ఇబ్బంది ఫోను నంబరు. ఆర్సీకీ, పాలసీకీ నాన్నగారి నంబరే జతై ఉంది. ఏ పని మొదలుపెట్టినా ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. సిమ్ రీచార్జి గడువు ఆగస్టు నెలాఖరుకు తీరిపోతుండగా చూసుకుని మళ్లీ వేయించాను. ఆ ఫోను అమ్మ దగ్గర ఉండేది. ఓటీపీ కోసం నేను హైదరాబాదు నుంచి అమ్మకు ఫోను చేసేవాణ్ణి, అమ్మ కళ్లజోడు వెతుక్కుని అంకెలు చదివేలోగా సమయం అయిపోయేది. ఇక సెప్టెంబరు నుంచి రెన్యువల్ కాల్స్ మొదలయ్యాయి. "సార్ ఉన్నారాండీ?" అని అడిగిన అమ్మాయికి అమ్మ "లేరమ్మా" అని మాత్రం చెప్పి పెట్టేసిందట. సాయంత్రం మళ్లీ చేసి, ఎప్పుడు వస్తారని అడిగారట. ఆ రాత్రి అమ్మ నాకు ఈ సంగతి చెప్పినప్పుడు కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. బీమా కంపెనీకి మరణ ధ్రువపత్రం మెయిల్ చేసిన తర్వాత కూడా ఆ కాల్స్ పూర్తిగా ఆగడానికి చాలా రోజులు పట్టింది.

పేరు మార్పు దరఖాస్తుకు కాలుష్య ధ్రువపత్రం కావాలి, దానిది కూడా గడువు తీరిపోయింది. ఆ పరీక్షకు కారును తీసుకువెళ్లాలి, తీసుకువెళ్లాలంటే బీమా ఉండాలి. మూడు నెలల వెసులుబాటు ఇంకా నడుస్తోంది కాబట్టి సరిపోయింది. రెండు నెలలు కదలక బ్యాటరీ చచ్చిపోయింది, మెకానిక్ ఇంకో బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలించి స్టార్ట్ చేశాడు. బానెట్ కింద ఎలుకలు కొబ్బరి పీచుతో గూడు కట్టుకున్నాయి, అదృష్టం కొద్దీ వైర్లు కొరకలేదు. పిన్ని కొడుకు కారు నడిపి తీసుకువెళ్లాడు. ఆ రోజు నేనూ పక్కన కూర్చున్నాను. నిలబెట్టిన కారుకు బీమా అక్కర్లేదనే వాళ్లు ఈ ఒక్క ప్రయాణం లెక్కలో వేసుకోరు: అమ్మాలన్నా, పేరు మార్చాలన్నా, మరమ్మతు చేయించాలన్నా ఏదో ఒక రోజు అది గేటు దాటాల్సిందే.

సెప్టెంబరు మూడో వారంలో అమ్మను వెంటబెట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. అక్కడ నాన్నగారి పేరు మీదున్న పాలసీనే అంగీకరించారు, తేదీ అమలులో ఉందా అనే చూశారు. అసలు పీటముడి బీమా కంపెనీ దగ్గర పడింది. కొత్త ఆర్సీ వస్తేనే పాలసీలో పేరు మారుస్తామన్నారు. ఆర్సీ అక్టోబరు రెండో వారం దాటి వస్తే పాలసీ చెల్లకుండా పోతుంది, అప్పుడు కొత్త పాలసీ, కొత్త తనిఖీ. దరఖాస్తు రసీదు, ముద్ర వేసిన పాత ఉత్తరం చూపించినా కౌంటరులోని వ్యక్తి ఒప్పుకోలేదు. పై అధికారికి షరతు ఉన్న పేజీ తెరిచి చూపించాక, దరఖాస్తును ఆ తేదీతోనే తీసుకుని ఆర్సీ రాగానే ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పును నమోదు చేసే కాగితం) ఇస్తామని రసీదు మీద రాసిచ్చారు. ఆ రాత కోసం అంత పట్టుబట్టడం అవసరమా అని అక్క అంది. ఆర్సీ అక్టోబరు మొదటి వారంలో అమ్మ పేరుతో ఆన్‌లైన్లో కనిపించింది, ఎండార్స్‌మెంట్ గడువుకు రెండు రోజుల ముందు చేతికి వచ్చింది. అప్పటిదాకా మాకు నిద్ర సరిగ్గా లేదు.

ఈ మార్పులో రెండు చిన్న సంగతులు తెలిశాయి. నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకుగాను ఓన్ డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, కారుది కాదు, యజమానిది, అయినా యజమాని చనిపోయి కారు భార్యకో పిల్లలకో తల్లిదండ్రులకో వస్తే ఆ బోనస్ వాళ్లకు సంక్రమిస్తుంది. నాన్నగారు ఎన్నడూ క్లెయిమ్ చేయలేదు, కాబట్టి గరిష్ఠమైన 50 శాతం అమ్మకు వచ్చింది. ఇక కారు నడిపే యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది కదా, దానికి యజమానికి డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. అమ్మకు లేదు. లేదని రాసిచ్చి సంతకం పెడితే ఆ వరుస తీసేశారు, ఆ మేరకు ప్రీమియం తగ్గింది.

నవంబరులో రెన్యువల్ లెక్క ఇలా వచ్చింది. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే 1,000 నుంచి 1,500 సీసీ కారుకు 2022 జూన్ నుంచి ఉన్న రేటు 3,416 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 4,031. మూడు లక్షల విలువకు పూర్తి పాలసీ అయితే బోనస్ పోను ఓన్ డ్యామేజీ 3,620, అంతా కలిపి జీఎస్టీతో 8,302. ఈ ఏడాదికి మానేసి తర్వాత కడదామంటే, గడువు తీరిన 90 రోజులు దాటితే బోనస్ పోతుంది, అప్పుడు ఇదే పాలసీ 12,574, పైగా కంపెనీ మనిషి వచ్చి కారు ఫోటోలు తీసి ఒప్పుకునేదాకా ఓన్ డ్యామేజీ ఇవ్వరు. ఒక ఏడాది మానితే మిగిలేది 8,302 అనిపిస్తుంది, కానీ ఆ తర్వాతి ఏడాదే 4,272 తిరిగి కట్టించుకుంటారు.

అప్పుడే పాలసీ పుస్తకంలో ఐఎమ్‌టీ 11 అనే ఎండార్స్‌మెంట్ కంటపడింది. గ్యారేజీలో వాడకుండా ఉంచిన వాహనాల గురించే అది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కారు వాడబోమని ప్రకటిస్తే, ఆ కాలానికి అగ్ని, దొంగతనం, అల్లర్లు, తుఫాను, వరద, భూకంపం వంటి వాటికి తప్ప మిగతా బాధ్యత అంతా నిలిపివేసి, దానికి తగిన మొత్తం వచ్చే ఏడాది ప్రీమియంలో తగ్గిస్తారు లేదా పాలసీ గడువు పొడిగిస్తారు. మాకోసమే రాసినట్టుంది అనుకున్నాను. మా ఏజెంటుగారు ఆ పేరు ఎప్పుడూ వినలేదన్నారు. బ్రాంచిలో వయసు మళ్లిన ఉద్యోగి ఒకాయన మాత్రం నవ్వి, ఎప్పుడో ఒకటి రెండు చూశానని, కనీసం వరుసగా రెండు నెలలు ఉండాలని చెప్పారు. పై ఆఫీసుకు రాశారు. జవాబు రావడానికి రెండు వారాలు దాటింది. మా షెడ్డుకు మూడు వైపులే గోడ, ముందు గ్రిల్లు. అది గ్యారేజీ కిందికి వస్తుందా అని ఫోటోలు అడిగారు. చివరికి సరేనన్నారు, నాలుగు నెలలకు తగ్గేది వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా తేలింది, అది కూడా చేతికి రాదు, మరుసటి ఏడాదిలో సర్దుతారు.

నేను దాన్ని వద్దనుకున్నాను. కారు పూర్తిగా కదలకపోతే బ్యాటరీ, టైర్లు పాడవుతాయని తెలిసిపోయింది. పిన్ని కొడుకు రెండు మూడు వారాలకొకసారి వచ్చి ఊరి చివరిదాకా తిప్పి తేవాలని అప్పటికే అనుకున్నాం. ఆ ప్రకటన ఇచ్చిన కాలంలో అతను ఒక్కసారి గేటు దాటినా థర్డ్ పార్టీ బాధ్యత నిలిచిపోయి ఉంటుంది, అప్పుడు ఎవరికైనా తగిలితే ఆ భారం అమ్మ మీద పడుతుంది. వెయ్యి రూపాయల కోసం ఆ భయం పెట్టుకోవడం నాకు నచ్చలేదు. నిజంగా తాళం వేసి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి విదేశం వెళ్లేవాళ్లకైతే అది మంచి ఏర్పాటే. నడిపిన కిలోమీటర్ల లెక్కన ఓన్ డ్యామేజీ కట్టే పద్ధతి ఇంకో కంపెనీ చూపించింది, 2022 జూలై నుంచి దానికి అనుమతి ఉంది. కానీ మీటరు ఫోటోలు, యాప్ అన్నీ అమ్మ చూసుకోవాలి. ఓటీపీలతోనే ఆమె విసిగిపోయి ఉంది. నవంబరు 25న 8,302 కట్టి, మాకున్న కంపెనీలోనే పూర్తి పాలసీ అమ్మ పేరు మీద తీసుకున్నాను.

ఆ ఏడాది ఏ వరదా రాలేదు, ఏ చెట్టూ పడలేదు. మే నెలలో గాలివానకు షెడ్డు మీది రేకు ఒకటి లేచి బానెట్ మీద చిన్న సొట్ట పెట్టింది. ప్రతి క్లెయిమ్‌లో తప్పనిసరిగా మనమే భరించవలసిన 1,000 రూపాయలకే అది సరిపోతుందని, బోనస్ పోగొట్టుకోవడం ఎందుకని క్లెయిమ్ చేయలేదు.

2025 జూలైలో సంవత్సరీకాలు జరిగాయి. ఆగస్టు నెలాఖరులో అమ్మే పిలిచి, కారును పిన్ని కొడుక్కే ఇద్దామంది. బీమా అమలులో ఉండటంతో ఆర్సీ బదిలీ ఈసారి పెద్ద చిక్కు లేకుండా జరిగింది. పాలసీ అతని పేరుకు మారింది, కానీ అమ్మకున్న 50 శాతం బోనస్ అతనికి చెల్లదు గనుక మిగిలిన మూడు నెలలకు ఆ తేడా, జీఎస్టీతో 1,068 రూపాయలు, అతని చేత కట్టించుకున్నారు. అమ్మ బోనస్‌కు విడిగా ఒక లేఖ ఇచ్చారు. మూడేళ్లలోగా ఆమె పేరు మీద ఇంకో కారు కొంటేనే అది పనికివస్తుంది.